పిచ్చుక ముడి

ట్రైనింగు హాల్లో బోర్డు తుడిచే పని నాది. ఏడాదికి రెండుసార్లు, టవరెక్కడం నేర్చుకునే కొత్త బ్యాచి వచ్చినప్పుడు, మూడో రోజు సాయంత్రం బోర్డు మీద ఒక మాట మిగిలేది. పాఠం చెప్పే సారు సుద్దతో పెద్దగా రాసి కింద రెండు గీతలు కూడా గీసేవాడు. పిచ్చుక ముడి. తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఆరు నెలలకి మళ్ళీ రాసేవాడు.

పిచ్చుక మా ఆయన. మనిషి సన్నగా ఉండేవాడు, ఇనప కమ్మీ మీద కాలు పెడితే చప్పుడయ్యేది కాదు, అందుకని ఆ పేరు. బతికినన్నాళ్ళూ అది మెచ్చుకోలు. పోయాక ఒక తప్పుకి పేరైంది. ఏ టవర్ మీదైనా ఒక కేబుల్ తగిలించాల్సిన చోట ఇంకోటి తగిలిస్తే చాలు, పనివాళ్ళంతా నవ్వుతూ అనే మాట, "పిచ్చుక ముడి పడిందిరోయ్."

ఆ ముడేమిటో చెప్పకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు.

టవర్‌కి మూడు ముఖాలుంటాయి. ముఖానికో యాంటెన్నా. చుట్టూ ఉన్న నేలని మూడు ముక్కలు చేసుకుని ఒక్కొక్కటి ఒక్కో ముక్కని చూసుకుంటుంది. ఒక్కో యాంటెన్నా నుంచి మణికట్టంత లావు కేబుల్ కింద గదిలో ఉన్న యంత్రం దాకా దిగుతుంది. మీరు బస్సులో పోతూ ఫోన్లో మాట్లాడుతుంటే ఒక ముఖం మీ మాటని పక్క ముఖానికి అందిస్తుంది, అది దాటాక పక్క టవర్‌కి. మంటలార్పేవాళ్ళు వరసగా నిలబడి నీళ్ళ బకెట్లు చేతులు మార్చినట్టే అనేవాడు మా ఆయన. పక్కన ఎవరున్నారో తెలిస్తేనే బకెట్ అందించగలం. రెండో కేబులూ మూడో కేబులూ తారుమారైతే యంత్రం ఒకళ్ళనుకుని ఇంకొకళ్ళకి అందిస్తుంది. అక్కడ చెయ్యి ఉండదు. మీ మాట సగంలో తెగుతుంది. మీరు ఫోన్‌ని తిడతారు.

మా ఆయనకి అక్షరాలు రావు. అప్పట్లో నాకూ రావు. అందుకని ఆయన ఎర్ర టేపు వాడేవాడు. కేబుళ్ళు పైకి లాగకముందే, నేల మీదే, ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా చుట్లు వేసేవాడు. మొదటి ముఖం కేబుల్‌కి ఒక చుట్టు, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు. ముందు రోజు ఇంట్లో ఆ టేపు ముక్కలు కోసి తలుపు రెక్కకి అంటించి పెట్టేది నేనే. టవర్‌కి పన్నెండు ముక్కలు. చదువుకున్నవాడు పొరబడొచ్చు గానీ వేళ్ళతో లెక్కపెట్టుకునేవాడు పొరబడడు అనేవాడు.

కింద గదిలో పని మాత్రం సూపర్‌వైజరుది. కేబుళ్ళని యంత్రానికి తగిలించి, ఒక్కోదానికి కాగితం లేబుల్ అంటించి, ముఖం నంబరు, తేదీ వేసి సంతకం పెట్టాలి. గది తాళం కూడా అతని దగ్గరే. చొక్కా మడత నలగనివ్వడు, చేతికి జిడ్డు అంటనివ్వడు, టవర్ మొదటి మెట్టు కూడా ఎక్కి ఎరగడు. చాటుగా ఇస్త్రీ సారు అనేవాళ్ళు.

ఎనిమిదేళ్ళ కిందట, పాత మిల్లు వెనక టవర్ కట్టిన రెండు వారాలకి, ఆ చుట్టుపక్కల కాల్స్ తెగుతున్నాయని గొడవ వచ్చింది. ఫోన్లు పెట్టుకుని కార్లో తిరుగుతూ సిగ్నల్ కొలిచేవాళ్ళు వచ్చి, రెండో ముఖం మూడో ముఖం తారుమారయ్యాయని తేల్చారు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ సారు ఫోన్ చేశాడు. మా ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పాడు.

"గాలి బాగా ఉంది సారూ, రేపెక్కుతా అంటే, తప్పు చేసినవాడికి గాలి అడ్డమా, నీ ముడి నువ్వే విప్పు అంటున్నాడు."

"నువ్వు తప్పు చేశావా?"

"టేపు ముక్కలు నువ్వే కోశావుగా. తలుపు మీద ఏమన్నా మిగిలాయా?"

"ఒక్కటి కూడా లేదు."

"అయితే చెయ్యలేదు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

పైకెళ్ళగానే నాకు ఫోన్ చెయ్యడం ఆయనకి అలవాటు. ఎనభై మీటర్లు, ఇరవై నిమిషాలు. "పైకొచ్చా. మన డాబా మీద నీ చీర ఎగిరిపోతోంది, క్లిప్పు పెట్టవే," అనేవాడు. అంత దూరానికి చీర ఎలా కనిపిస్తుందని నేను, నాకు కనిపిస్తుందని ఆయన. ఆ రోజు పొయ్యి పక్కనే ఫోన్ పెట్టుకుని కూర్చున్నా. మోగలేదు. మోగినప్పుడు అది మా మరిది.

పైన తారుమారు చేసింది పిచ్చుకే, ఎక్కి సరిచేశాడు, దిగేటప్పుడు బెల్టు కొక్కెం తగిలించుకోలేదు, పడిపోయాడు. ఇస్త్రీ సారు రాసిన రిపోర్టు అది. కింద ఉన్నది అతనొక్కడూ, గేటు దగ్గర వాచ్‌మనూ. వాచ్‌మన్‌కి గేటు తప్ప ఏమీ కనిపించదు. ఆ సాయంత్రం నుంచి కాల్స్ తెగడం కూడా ఆగింది, అందరూ నమ్మారు. అదే టవర్ పనిలో ఉన్న మా మరిది కూడా తల దించుకుని నమ్మాడు. పైకి చేరితే నాకు ఫోన్ చేసేవాడు, చెయ్యలేదు, కాబట్టి చేరలేదు అని నేను చెబితే, పాపం భర్త పోయిన మనిషి అని జాలిపడ్డారు.

కంపెనీ నాకు ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చింది. అక్కడ టవర్ పాఠాలు చెప్పే సారయ్యాడు ఇస్త్రీ సారు. అతని బల్ల తుడిచేదాన్ని, అతని గ్లాసులో నీళ్ళు పోసేదాన్ని. మెత్తని మనిషి అనుకున్నారు. పక్కింటావిడ, "దేవుడే చూసుకుంటాడమ్మా," అంది. దేవుడికి సవాలక్ష పనులు. ఈ ఒక్కటీ నేనే చూసుకుందామనుకున్నా.

రోజూ తుడిచే బోర్డు మీద ఏముందో తెలియాలని నా కూతురి మూడో క్లాసు పుస్తకం పట్టుకున్నా. ఆ పిల్ల టీచరమ్మలా చెవి మెలేసి నేర్పింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చదువు రానిదాని ముందు ఎవరూ కాగితాలు మూసిపెట్టరు.

అలా ఒకరోజు అలమర అడుగు అర దులుపుతుంటే పాత మిల్లు టవర్ గేటు రిజిస్టర్ దొరికింది. లోపలికి వచ్చేవాళ్ళ టైమూ పోయేవాళ్ళ టైమూ వాచ్‌మన్ రాసే పుస్తకం. ఆ తేదీ వెతికా. "పిచ్చుక, పైకి, 10.10." దాని కిందే వణికిన అక్షరాలతో, "పడిపోయాడు, అంబులెన్స్‌కి ఫోన్ చేశాను, 10.20."

పది నిమిషాలు. ఆ గాలిలో పది నిమిషాల్లో ఎనభై మీటర్లెక్కి, రెండు కేబుళ్ళు విప్పి బిగించి, దిగడం మొదలుపెట్టాడట! సగం దారిలోనే పడ్డాడు నా మొగుడు. మరి ఆ సాయంత్రానికే కాల్స్ తెగడం ఎలా ఆగింది? పైన ఎవరూ విప్పకుండా ముడి విడిపోయిందంటే, ముడి పైన లేదు. కింద గదిలో ఉంది.

ఆ పుస్తకాన్ని గుడ్డల సంచీలో ఇంటికి తెచ్చుకున్నా. ఏడాది దాచా. ఒక్క టైము చూపిస్తే వాచ్‌మన్ గడియారం తప్పంటాడు. నాకు అతను నోరెత్తలేనిది కావాలి.

ఈ ఏడు రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి, ఇస్త్రీ సారుని అన్ని బ్రాంచీల ట్రైనింగుకీ పెద్దని చేస్తున్నారు. అతని పాఠాలన్నీ పుస్తకంగా అచ్చు వేస్తారు. నాలుగో పాఠం పేరు "పిచ్చుక ముడి". హెడ్డాఫీసు నుంచి భద్రత మేడమ్ వచ్చి ఒకరోజు క్లాసులో కూర్చుని, సరే అంటే అచ్చుకి పోతుంది. నోటి మాటని ఎప్పటికైనా మరిపించొచ్చు. అచ్చయితే ఇంక ఆయన పేరుకి విడుదల లేదు, మనవలు కూడా చదువుతారు.

రెండోది, పాత నెట్‌వర్క్ ఆపేస్తున్నారు. ఒకప్పుడు ఊరంతటికీ ఒక్క టవర్ ఉండేది. ఫోన్లు పెరిగేకొద్దీ టవర్లు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఇప్పుడు యంత్రమే టవర్ పైకెక్కి యాంటెన్నా పక్కన కూర్చుంటోంది, కిందనుంచి వేలెడు మందం గాజు తీగ పోతే చాలు. లావు కేబుళ్ళన్నీ దించి కరిగించడమే. మంగళవారం పాత మిల్లు టవర్ వంతు. దించేది మా మరిది గుంపు.

ఆదివారం మరిదిని అన్నానికి పిలిచా.

"ఏంటి వదినా, కూర ఇంత బాగుందంటే ఏదో పని పడిందన్నమాట," అన్నాడు.

"మంగళవారం కేబుళ్ళ చివర్లు నాకు కావాలి. పైవి మూడు, కిందవి మూడు. లేబుళ్ళతో సహా."

ముద్ద కిందపెట్టేశాడు. "ఎనిమిదేళ్ళయింది. అన్న తప్పు చేశాడు, మనిషన్నాక చేస్తాడు. ఒప్పుకుంటే నీకే తేలిక."

రిజిస్టర్ తెచ్చి కంచం పక్కన పెట్టి, వేలుపెట్టి చదివి వినిపించా. మొదట పుస్తకాన్ని కాదు, నన్ను చూశాడు.

"నీకు చదువెప్పుడొచ్చింది?"

"నువ్వు తల దించుకుని తిరుగుతున్నప్పుడు. లెక్క చెప్పు. పది నిమిషాల్లో నువ్వు ఎంత ఎక్కుతావు?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "గాలి ఉంటే, సగం. అంతే." చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు. "వదినా, ఇంకో మాట. కింద చివర్లు ముందు కోసెయ్యమన్నాడు ఇస్త్రీ సారు. తనే నిలబడి లారీ ఎక్కిస్తాడట. ఏ టవర్ దగ్గరా ఇంత శ్రద్ధ చూపించలేదు."

"దొంగకి చీకటెక్కడుందో తెలుసు. నువ్వెలా తెస్తావో నాకు తెలీదు."

"ఆ చొక్కా ఉందిగా, అదే తోవ చూపిస్తుంది," అన్నాడు.

మంగళవారం సాయంత్రం తాళ్ళ సంచీ భుజానేసుకుని వచ్చాడు. "గదిలో ఎలక చచ్చి కుళ్ళింది సారూ, పురుగులు కారుతున్నాయి, మీరు చూసి ఊ అంటే కోస్తాం అన్నా. ముక్కుకి రుమాలు పెట్టుకుని గేటు దాకా పోయాడు, అక్కణ్ణుంచే ఊ అన్నాడు," అని నవ్వబోయి, సంచీలోంచి ఆరు ముక్కలు తీసి నా గడప మీద పేర్చేటప్పటికి ఏడుపు తన్నుకొచ్చింది. పైన రెండో ముఖం దగ్గర కోసిన ముక్కకి రెండు చుట్లు. మూడో ముఖం దగ్గర కోసిన దానికి మూడు. నేను కోసిన ముక్కలే, ఎండకి వెలిసి గులాబీ రంగైపోయాయి. "నా చేత్తో విప్పా వదినా. అన్న ఎక్కడా తప్పలేదు. నేనే కుక్కలా..."

కింద ముక్కల మీద లేబుళ్ళు మందంగా ఉన్నాయి. గోటితో లేపబోయాడు. చేతి మీద కొట్టా.

"ముట్టుకోకు. అతనే ఊడదీయిస్తాడు."

ఇస్త్రీ సారుకి క్లాసులో ఒక తమాషా ఉంది. లేబుల్ మీద లేబుల్ అంటించకూడదనేది రూలు. పాతది ఊడదీసి, ఎందుకు మార్చారో రాసి, కొత్తది వెయ్యాలి. దానికోసం రెండు లేబుళ్ళు అంటించిన ఒక ముక్క ఉంచుకునేవాడు. ఎవరో ఒకరిని లేపి పైది చదవమని, తర్వాత ఊడదీయించి కిందది చదివించేవాడు. తను మాత్రం చేత్తో తాకడు. ఆ ముక్కలు బల్ల మీద సర్దే పని నాది.

మేడమ్ వచ్చిన గురువారం సర్దేశా. అతని ముక్క తీసి చెత్తలో వేసి, మా రెండు చుట్ల కింది ముక్క పెట్టా.

ముప్పైమంది కుర్చీల్లో ఉన్నారు. భద్రత మేడమ్ వెనక వరసలో నోటుబుక్కు తెరుచుకుంది. నేను బకెట్ పట్టుకుని తలుపు దగ్గర. మరిది పాత పనివాడు కాబట్టి ముడులు చూపించడానికి పిలిచారు. సంచీ కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ఇస్త్రీ సారు పిచ్చుక కథ మొదలుపెట్టాడు. "మంచి పనిమంతుడే, కానీ పొగరు. చదువు లేదు. తప్పు చేశాడు, దిద్దాడు, దిగుతూ కొక్కెం మరిచాడు." ఆ కథ ఎన్నోసార్లు విన్నా. ఆ రోజు ఒక్కో మాటా లెక్కపెట్టుకున్నా.

"సరే, ఇప్పుడు ముక్క తియ్యి," అన్నాడు, ముందు వరసలో పొడుగు జడ పిల్లతో. "పైన ఏముంది?"

"ముఖం రెండు. తేదీ, సంతకం ఉన్నాయి సారూ."

"ఊడదియ్యి. కింద?"

ఆ పిల్ల జాగ్రత్తగా ఊడదీసింది. "ముఖం మూడు. ఇది రెండు వారాల ముందు తేదీ సారూ. సంతకం..." రెండూ పక్కపక్కన పెట్టి చూసి గట్టిగా నవ్వింది. "రెండూ మీవే సారూ! మాకోసం మీరే తప్పు చేసి చూపించారా?"

హాలంతా నవ్వింది. అతనూ నవ్వబోయాడు. అప్పుడు కనిపించాయి ఆ ముక్క మీద రెండు వెలిసిన చుట్లు. జిడ్డని కూడా చూసుకోకుండా లాక్కున్నాడు. తల తిప్పి తలుపు వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"ఏ సైటుది అది?" వెనకనుంచి మేడమ్ అడిగింది.

అతను ముక్కని తిరగేసి పట్టుకున్నాడు. నేను పలికా. "పాత మిల్లు వెనక టవర్‌ది మేడమ్. పై లేబుల్ మీద ఉన్నది పిచ్చుక పోయిన రోజు. నేను పిచ్చుక భార్యని."

"ఈవిడకి చదువే రాదు మేడమ్! ఎవరో ఎగేసి పంపారు," అన్నాడు.

బకెట్ కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకుని, రిజిస్టర్ తెరిచి చదివా. నిదానంగా చదివా, నాకు అంతకంటే వేగంగా రాదు. "పైకి, పది పది. పడిపోయాడు, పది ఇరవై." మరిది లేచి మూడు చుట్ల ముక్క జడ పిల్లకిచ్చాడు. దానికీ రెండు లేబుళ్ళు, పైన మూడు, కింద రెండు. తర్వాత పై చివర్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

నవ్వులు ఎప్పుడో ఆగాయి. మేడమ్ ముందుకొచ్చి వేలితో చుట్లు లెక్కపెట్టింది, అచ్చం మా ఆయన లెక్కపెట్టినట్టే.

"తారుమారు కింద గదిలో జరిగింది. ఆయన్ని మాత్రం పైకి పంపారు. ఆయన పడిపోయాక లేబుళ్ళు మార్చారు. అంతేనా?"

"ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి, అంతా కంగారు..."

"గాలి గదిలోకి రాలేదు కదా సారూ," అన్నా.

అతను కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. ఎవరూ జరపలేదు. "చెప్పండి," అన్నా, "ముప్పైమందికి రాసి చూపించారుగా, ఈ ముప్పైమందికీ చెప్పండి. ముడి ఎవరిది?"

"నాది," అన్నాడు. వెనక వరసకి వినపడలేదు. మళ్ళీ చెప్పించా.

పుస్తకం అచ్చు ఆగింది. విచారణ మళ్ళీ తెరిచారు. ఇస్త్రీ సారుకి పై ఉద్యోగం పోయి స్టోరు గదిలో బోల్టులు లెక్కపెట్టే పని మిగిలింది, అదీ విచారణ తేలేదాకా. రిపోర్టు తిరగరాసి నాకో నకలు పంపారు. దానిలో మా ఆయన అసలు పేరుంది. మరిది దాన్ని అద్దం కట్టించాడు. ఇవన్నీ నాకు కావలసినవే. కానీ అన్నిటికంటే తియ్యగా తగిలింది ఇంకోటి. ఆ సాయంత్రం హాలు ఊడవడానికి పోతే బోర్డు మీద జడ పిల్ల చేతి రాతతో ఉంది. ఇస్త్రీ ముడి. వారం తిరక్కుండా టవర్ల మీదా, కార్లలోనూ, టీ కొట్టు దగ్గరా అదే మాట.

మూడు నెలలకి ఇస్త్రీ సారు హాల్లోకి వచ్చాడు. నేను కిటికీలు తుడుస్తున్నా. చొక్కా నలిగి ఉంది. "అమ్మా" అన్నాడు, ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

"మా అమ్మాయి సిగ్నల్ కొలిచే కార్లో ఉద్యోగానికి చేరింది. నిన్న కార్లో ఎవడో అన్నాడట, ఇస్త్రీ ముడి పడిందని. అది నా పేరని ఆ పిల్లకి తెలుసు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మీరు చెబితే కుర్రాళ్ళు మానేస్తారు. ఒక్క మాట చెప్పండి."

నా కూతురికి ఏడేళ్ళప్పుడు, బళ్ళో ఎవరో టవర్ పనివాడి పిల్ల, మీ నాన్న ముడి అని వెక్కిరించింది. ఆ రోజు నా కూతురూ తినలేదు. అతనికి అది చెప్పలేదు. చెబితే మేమిద్దరం ఒకటైపోతాం.

"ఎన్నాళ్ళు అంటారమ్మా వాళ్ళు?" అన్నాడు.

"నాకేం తెలుసు సారూ. నేనైతే ఎనిమిదేళ్ళు విన్నా."

అతను వెళ్ళిపోయాడు. నేను కిటికీలు ముగించి, బకెట్‌లో గుడ్డ పిండి, బోర్డు దగ్గరికొచ్చా. ఆ రోజు క్లాసు బొమ్మలూ లెక్కలూ నిండా ఉన్నాయి. ఒక మూల ఆ మాట అలాగే ఉంది, చుట్టూ సుద్ద పొడి గట్టు కట్టి. అంచుల వెంబడి జాగ్రత్తగా గుడ్డ తిప్పుతూ మిగతా బోర్డంతా తుడిచా. ఒక అక్షరం కొమ్ము కాస్త చెరిగింది. సుద్ద తీసుకుని దిద్దా.